చుక్క లేనిదే ఊరుకోని మాస్టారు

మా ఆయన మూడో తరగతి పిల్లలకు వాక్యాలు రాయడం నేర్పుతారు. ఏళ్ళ తరబడి అదే తరగతి, అదే గది, అదే పని. పక్కింటాయన లారీలు బాగుచేస్తాడు, ఎదురింటాయన పళ్ళు పీకుతాడు, మా ఆయన వాక్యాల చివర చుక్కలు వేయిస్తారు. నలుగురిలో చెప్పుకోవడానికి కాస్త చిన్నగా ఉండే మాట నిజమే. మా చుట్టాల్లో ఒకావిడ ఇప్పటికీ "మీ ఆయన ముగ్గులు నేర్పుతాడటగా" అని అడుగుతుంటుంది. ఆ చుక్కలు వేరు, ఈ చుక్కలు వేరు అని చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చి, అవునండీ అనేశాను.

ఆయన పాఠం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఎందుకంటే ఆయన వారానికి నాలుగుసార్లైనా భోజనం డబ్బా ఇంట్లో మరిచిపోతారు, నేను మండిపడుతూ తీసుకెళ్ళి కిటికీ దగ్గర నిలబడతాను. పాఠం మధ్యలో ఉంటే డబ్బా అందుకోరు. వాక్యం పూర్తయ్యేదాకా నేనూ ఆగాల్సిందే.

బల్ల ముందు మూడు కుర్చీలుంటాయి. మొదటి కుర్చీలో ఒక పిల్ల పిల్లి, రెండో కుర్చీలో ఒక పిల్లవాడు ఎలుకను, మూడో కుర్చీలో ఇంకొకరు పట్టింది. పిల్లి ఎలుకను పట్టింది. కర్త, కర్మ, క్రియ. క్రియగా కూర్చోవడానికి అందరూ కొట్టుకుంటారు, ఎందుకంటే క్రియ నోరు విప్పేదాకా మిగతావాళ్ళు లేవకూడదు. ఒకసారి రోజూ దొరికిపోతున్న ఎలుకకు రోషం వచ్చింది. పిల్లి కుర్చీ ఖాళీగా ఉండడం చూసి గబుక్కున అందులో కూర్చున్నాడు, పిల్లి వచ్చి వాడి కుర్చీలో కూర్చుంది. ఎలుకను పిల్లి పట్టింది. ముందు కూర్చున్నా దొరికిపోయాడు. వాడు ఏడుపు లంకించుకుంటే మా ఆయన దగ్గరికి తీసుకుని, నీ వీపుకు "ను" అంటుకుని ఉందిరా, నువ్వు ఏ కుర్చీలో కూర్చున్నా పిల్లి పడుతుంది అని చెప్పారు. మన భాషలో మాటలు కుర్చీలు మారినా బతికేస్తాయి, కానీ చుక్క లేకపోతే మాత్రం ఈ వాక్యంలోవాడు పోయి పక్క వాక్యంలో కూర్చుంటాడు, ఇంక వాడిని ఎవరూ వెనక్కి తేలేరు అని కూడా చెప్పారు. ఆ ముక్క నేను కిటికీలోంచి విన్నాను గానీ, అప్పుడు నా ధ్యాసంతా చల్లారిపోతున్న డబ్బా మీదే ఉంది.

పూర్ణవిరామం అనే మాట పలకడం పూర్తయ్యేసరికి బడి గంట కొడతారని ఆయన వాదన. అందుకని ఆయన తరగతిలో అది చుక్క. కామా తోకచుక్క. ప్రశ్న గుర్తు కొక్కెం. పైకి చదివేటప్పుడు తోకచుక్క వస్తే తల ఊపి ముందుకు పోవాలి. చుక్క వస్తే మాత్రం కాలు నేలకేసి కొట్టి, గట్టిగా ఊపిరి పీల్చుకోవాలి. తరగతంతా ఒక్కసారి కాలు వేస్తే కింది గదిలో నాలుగో తరగతి టీచరమ్మ తల మీద సున్నం రాలుతుంది. ఆవిడ ఎన్నోసార్లు చెప్పి చూసింది, ఇప్పుడు గొడుగు తెచ్చుకుంటోంది. పిల్లలు ఆయనకు పెట్టిన పేరు చుక్క మాస్టారు. ఆయన ఎదురుగానే అలా పిలుస్తారు, ఆయన పలుకుతారు కూడా.

బడితో ఊరుకుంటే పోయేది. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది. దారిలో ఏ బోర్డు మీద చుక్క లోపించినా ఆయన చెయ్యి ఆగదు. ఒకసారి దర్జీ కొట్టు బోర్డు మీద, దర్జీ చూస్తుండగానే, పైకెగిరి చుక్క వేసి వచ్చారు. దర్జీ అప్పుడేమీ అనలేదు. తరవాత ఇచ్చిన ప్యాంటు మాత్రం చీలమండలకు జానెడు పైనే ఆగిపోయింది. ఇదేమిటని అడిగితే, "వాక్యం అక్కడికి ముగించాను మాస్టారూ" అన్నాడట. ఆ ప్యాంటుతోనే ఏడాదంతా బడికి వెళ్ళారు, నన్ను మాత్రం దర్జీతో పోట్లాడనివ్వలేదు. వాక్యం బాగుందట.

ఇంతకీ చెప్పాల్సింది మా అత్తయ్య సంగతి. ఇదివరకు మేమున్న ఇల్లు వీధి మీదికే ఉండేది. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటే అత్తయ్య నోటికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పని ఉండేది. కూరగాయలమ్మే మనిషిని పిలిచి బేరం మొదలెడితే ఆ మాట వాడి పెళ్ళానికి పోయి, అక్కడి నుంచి తన మేనత్తకు పోయి, మేనత్త పోగొట్టుకున్న గొడుగుకు పోయి, ఎక్కడా ఆగేది కాదు. ఇన్ని చుక్కలు నేర్పే కొడుకును కని, తను ఒక్కటైనా వేసేది కాదని నేను ఆట పట్టించేదాన్ని. రోడ్డు వెడల్పు చేస్తామని ఆ ఇల్లు కొట్టేశారు. తొందరలో దొరికింది ఈ మూడో అంతస్తు. ఎక్కిన కొన్నాళ్ళకే అత్తయ్య మోకాలు మొండికేసింది. ఇంక దిగలేదు. ఉన్న ఒక్క కిటికీలోంచి కనపడేది పక్క మేడ మీది నీళ్ళ ట్యాంకు.

మొదట్లో నాతో మాట్లాడేది. నేను ఎంతని వింటాను, నాకూ పనులుంటాయి. రానురాను మాటలు తగ్గాయి. మా ఆయన సాయంత్రం వచ్చి ఏం చేశావమ్మా అంటే "కూర్చున్నా" అంటుంది. తిన్నావా అంటే "తిన్నా" అంటుంది. ఒకరోజు ఆయన వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి, "అమ్మ వాక్యాలు గమనించావా? అన్నీ ఒక్క మాటే. కూర్చున్నా, చుక్క. తిన్నా, చుక్క" అన్నారు.

మీరు నేర్పే విద్యే కదా, ఇన్నాళ్ళకు మీ అమ్మకూ వచ్చింది అన్నాను నవ్వుతూ. ఆయన నవ్వలేదు.

"చెప్పాల్సింది చెప్పాక చుక్క వెయ్యమంటాను గానీ, చెప్పడానికేమీ లేక వెయ్యమంటానా? నాకు భయంగా ఉంది. అమ్మని ఎలాగైనా కిందికి దించాలి" అన్నారు.

అప్పటి నుంచి కింది ఇంటి కోసం వెతుకులాట మొదలైంది. ఆ చుట్టుపక్కల కింది వాటాలన్నీ కొట్లు, కొట్లు కానివి గొడౌన్లు. నా చెప్పులు అరిగాయి. చివరికి బడి వెనక సందులో ఒక ఇల్లు కనపడింది. వెడల్పాటి గుమ్మం, గుమ్మం ముందు ఒకే ఒక్క మెట్టు, ఎదురుగా వచ్చేపోయే మనుషులు. కుర్చీ వేస్తే అత్తయ్య కోసమే కట్టినట్టుంటుంది. గుమ్మం పక్కన మేకుకు ఒక రేకు ముక్క వేలాడుతోంది. దాని మీద ఎవరో సొంత చేత్తో నల్లరంగుతో రాశారు:

ఇల్లు అద్దెకు ఇవ్వబడును తాగుబోతులకు
ఇవ్వబడదు కుటుంబంవారికి
ఇవ్వబడును

చదివి నేను ముక్కున వేలేసుకున్నాను. తాగుబోతులకే ఇస్తారట, కుటుంబాలకు ఇవ్వరట, ఇదేం మనిషండీ, పదండి పోదాం అన్నాను. మా ఆయన కదల్లేదు. గాలిలో వేలితో ఒక చుక్క వేశారు, ఇంకోటి వేశారు, ఇంకోటి వేశారు. "మంచివాడే. రేకు చాల్లేదంతే" అని జేబులో చెయ్యి పెట్టారు. సుద్దముక్క బయటికి రాకముందే నేను మణికట్టు పట్టుకున్నాను. దర్జీ ప్యాంటు గుర్తుచేసి, ఇల్లు చేతికొచ్చేదాకా ఆ రేకు వంక చూడడానికి కూడా వీల్లేదని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను.

ఇంటాయన ఒకప్పుడు బస్సు కండక్టరు. ఉద్యోగం పోయినా మెడలో ఈల పోలేదు. వెనక వాటాలో ఒక్కడే ఉంటాడు. మమ్మల్ని కూర్చోబెట్టి, టికెట్టు కొట్టేవాడిలాగే ఎంతమంది, ఎక్కడి నుంచి, ఎంతకాలం అని అడిగాడు. అన్నీ నచ్చాయి. అత్తయ్య గుమ్మంలో కూర్చుంటుందంటే మరీ నచ్చింది. తరవాత అసలు సంగతికి వచ్చాడు. చివరి బస్సులో పనిచేసినన్నాళ్ళూ తాగుబోతులతో వేగానని, సీట్ల కింద కడిగించానని, తాగుబోతు నీడ కూడా ఈ గడప తొక్కడానికి వీల్లేదని చెప్పాడు. బోర్డు మీద అంత స్పష్టంగా రాసినా ఏడాదిగా వచ్చేవాళ్ళంతా వాళ్ళేనట. ఒక్క కుటుంబమైనా రాలేదట.

"మనిషిని వాసన చూడక్కర్లేదమ్మా. చెయ్యి చూస్తే చాలు, వణుకుతుంటుంది. కళ్ళు ఒకచోట నిలవవు" అన్నాడు.

నేను మా ఆయన వంక చూశాను. చెయ్యి జేబులో సుద్దముక్కను పట్టుకుని కొట్టుకుంటోంది. కళ్ళు కండక్టరు భుజం మీదుగా తలుపు సందులోంచి కనపడుతున్న రేకు మీదికి పోతున్నాయి, నేను గిల్లితే వస్తున్నాయి, మళ్ళీ పోతున్నాయి. పెదాలు మెల్లగా "తాగుబోతులకు" అని కదులుతున్నాయి. కండక్టరు కూడా అటే చూశాడు. ఏదైనా రెండు రోజుల్లో చెప్తానన్నాడు.

ఇల్లు వచ్చేసినట్టేనని నేను మా అత్తయ్యకు చెప్పేశాను. గుమ్మం ఎంత వెడల్పో చేతులు చాచి చూపించాను. "ఒక్కటే మెట్టా" అంది అత్తయ్య. చాలా రోజుల తరవాత ఆవిడ ఒక ప్రశ్న అడగడం అదే.

రెండు రోజులు పోయాక నేను అడ్వాన్సు పట్టుకుని వెళ్తే కండక్టరు గుమ్మంలోనే ఆపేశాడు. ఇల్లు ఇవ్వనన్నాడు. నన్ను చూస్తే జాలేస్తోందన్నాడు. పెద్దవాడు చెడిపోతే వాడి ఖర్మ అనుకోవచ్చు, పసిపిల్లలకు కూడా అలవాటు చేయడం ఏం మనిషితనమమ్మా అన్నాడు. ఏం అలవాటని అడిగే లోపల తలుపు వేసేశాడు.

ఇంటికొచ్చి మా ఆయన్ని నిలబెట్టి, "మీరు తాగుతారా?" అని అడిగాను.

"ఏం తాగుతాను?" అన్నారు ఆయన, నిజంగానే అర్థంకాక. లోపలి నుంచి అత్తయ్య, ఇల్లు రాలేదా అంది. లేదమ్మా అన్నారు. "సరే" అంది. మంచం కిర్రుమన్న చప్పుడు వినపడింది, అటు తిరిగి పడుకున్నట్టుంది. మా ఆయన ముఖం చూడలేక నేను వంటింట్లోకి పోయాను.

పసిపిల్లల మాట వచ్చింది కదా అని మర్నాడు బడి దగ్గర పిల్లల్ని వాకబు చేస్తే, రెండు జడల పిల్ల ఒకతి దగ్గర గుట్టు బయటపడింది. ఆ పిల్లే మొన్నటిదాకా పిల్లి. వాళ్ళ ఇల్లూ ఆ సందులోనే. కండక్టరు వాకబు చేయడానికి బడి గేటు దగ్గరికి వచ్చాడట, బయటికొస్తున్న పిల్లల్లో దీన్ని ఆపాడట. తను మాస్టారి గురించి ఎంత గొప్పగా చెప్పిందో ఆ పిల్ల నాకు పూస గుచ్చినట్టు చెప్పింది.

మీ మాస్టారు మంచివారేనా అని ఈల తాత అడిగాడట. చాలా మంచివారు, చుక్క వేస్తే ఏమీ అనరు, వెయ్యకపోతేనే కోపం అందట. ఆయన కూడా వేస్తారా అంటే, బడిలోకి రాగానే మొదట అదే పని, మరిచిపోతే మేమే గుర్తుచేస్తాం అందట. మీ చేత కూడా వేయిస్తారా అంటే, అందరి చేతా వేయిస్తారు, కొత్తగా చేరినవాళ్ళకైతే చెయ్యి పట్టుకుని మరీ వేయిస్తారు, ముందు చెయ్యి వణుకుతుంది, తరవాత అలవాటైపోతుంది అందట. వేశాక ఏం చేస్తారని అడిగితే, కాలు నేలకేసి కొట్టి గట్టిగా ఊపిరి పీలుస్తాం అని చేసి చూపించిందట. ఈ ఘోరం హెడ్మాస్టరుకు తెలుసా అని తాత అడిగితే, ఆయన గోడకు నోటీసు అంటిస్తే మా మాస్టారు ఆయన చూడకుండా వెళ్ళి వేసేసి వస్తారు అని చెప్పిందట.

"మా నాన్న ఒకేసారి మూడు వేస్తాడండీ. ఒకటి చాలు నాన్నా అని నేనే మాన్పించాను. అది కూడా చెప్పాను" అంది గర్వంగా.

నేను అక్కడే మెట్ల మీద కూలబడి కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. నవ్వి నవ్వి ఏడుపొచ్చింది. చుక్క అనే మాటకు పెద్దవాళ్ళ లోకంలో ఇంకో అర్థం ఉందని ఆ పసిదానికి తెలియదు. మా ఆయనకు తెలుసు, తట్టలేదు. ఈ మనిషి జన్మలో ఒక్క చుక్క ముట్టి ఎరగడు, దగ్గు మందు కూడా వాసన చూసి వద్దంటాడు. ఆ మాట ఎవరు నమ్ముతారు?

బడి వదలగానే ఆయనకు చెప్పాను. మొదట ఆయనా నవ్వారు. తరవాత జేబు తడుముకుని, సుద్దముక్క ఉందని చూసుకుని, "పద" అన్నారు. ఒట్టు సంగతి నేను గుర్తుచేయలేదు. రెండు జడల పిల్ల మా వెనకే వచ్చింది. దాని వెనక మిగతా మూడో తరగతి కూడా చాలామటుకు వచ్చింది.

కండక్టరు గుమ్మం ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూడగానే ఈల నోట్లో పెట్టుకున్నాడు. చుక్కంటే వాక్యం చివర పెట్టే గుర్తండీ అని నేను మొదలెట్టాను. ఆయన ఈల తీసి, తాగినవాడెవడూ ఒప్పుకోడమ్మా, ఒకడైతే పాలు తాగానన్నాడు, ఇంకొకడు బస్సే ఊగుతోందన్నాడు, ఇలాంటివి నేను చాలా విన్నాను అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా ఆయన నన్ను వెనక్కి రమ్మన్నారు.

"మీ బోర్డు ఒక్కసారి పైకి చదవండి" అన్నారు.

ఇందులో ఏముందన్నట్టు కండక్టరు చూడకుండానే గడగడా చదివాడు. ఇల్లు అద్దెకు ఇవ్వబడును, తాగుబోతులకు ఇవ్వబడదు, కుటుంబంవారికి ఇవ్వబడును. రాసినవాడు కదా, తన మనసులో ఉన్నదే చదివాడు. అప్పుడు మా ఆయన రెండు జడల పిల్లను ముందుకు పిలిచారు. ఉన్నది ఉన్నట్టు చదువు, లేని చుక్క నీ అంతట నువ్వు వెయ్యకు, వరుస అయినచోట ఆగు అన్నారు. అది చేతులు కట్టుకుని, బడిలో చదివినట్టే చదివింది.

"ఇల్లు అద్దెకు ఇవ్వబడును తాగుబోతులకు."

మూడో తరగతి కాలు నేలకేసి కొట్టి ఊపిరి పీల్చింది.

"ఇవ్వబడదు కుటుంబంవారికి."

మళ్ళీ కాలు పడింది. మూడో వరుసలో అంచున ఇరుక్కుపోయిన ఆ ఒక్క "ఇవ్వబడును" అది చదవనే లేదు. చదవక్కర్లేకపోయింది. కండక్టరు లేచి నిలబడ్డాడు. రేకు దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి మాట మాటా తడుముతూ తనే మళ్ళీ చదువుకున్నాడు. రెండో వరుస దగ్గర వేలు ఆగిపోయింది.

తరవాత మెల్లగా, నాతో అంటున్నట్టు కాదు గానీ నా వైపే చూస్తూ, ఒకరోజు చంకలో పిల్లతో ఒకావిడ వచ్చి బోర్డు చదివిందని, తను లోపలి నుంచి పిలిచినా వినిపించుకోకుండా పోయిందని చెప్పాడు. ఒక ముసలాయన మనవడితో వచ్చి తలాడించి వెళ్ళిపోయాడట. తాగి వచ్చినవాడిని గెంటేస్తే, రమ్మని రాసి గెంటుతావేమిటని వాడే దబాయించాడట. వాడికి మతిపోయిందని అనుకున్నాడట.

"మా ఆవిడ పోయాక ఇంట్లో మనుషుల చప్పుడు ఉంటుందని కదమ్మా ఈ వాటా అద్దెకు పెట్టాను. ఏడాదిగా ఎవరూ రారేమని ఏడుస్తున్నాను. నేనే వద్దని రాసి పెట్టానా?" అన్నాడు.

నా కోపమంతా ఎటు పోయిందో పోయింది. మా ఆయన మాత్రం పాఠం మధ్యలో ఆపే మనిషి కాదు.

"ఇది మీకు తెలియని విద్య కాదండీ. మీరు ఒక ఈల వేస్తే బస్సు ఏం చేస్తుంది?" అని అడిగారు.

"ఆగుతుంది."

"అదే చుక్క. నేను పిల్లలకు నేర్పేది అదే."

కండక్టరు ఈల వంక చూసుకున్నాడు, రేకు వంక చూశాడు, పిల్లల వంక చూశాడు. "అంటే నా బస్సు ఏ స్టాపులోనూ ఆగకుండా పోయిందన్నమాట. దిగాల్సినవాళ్ళు దిగలేదు, ఎక్కాల్సినవాళ్ళు ఎక్కలేదు" అన్నాడు. తరవాత ముఖం ఎర్రబడి, మా ఆయన చెయ్యి పట్టుకుని, తప్పుగా అనుకున్నానని అన్నాడు. ఎప్పుడు దిగుతారని నన్ను అడిగాడు. రేపే అన్నాను. ఎల్లుండి అందామనుకున్నాను గానీ నోరు ఆగలేదు.

ఇల్లు మాదైపోయింది కనుక ఇంక ఆ రేకుతో పనిలేదు, పీకేద్దామని కండక్టరు మేకు మీద చెయ్యి వేశాడు. మా ఆయన అడ్డం పడ్డారు. తప్పుగా ఉన్నదాన్ని తప్పుగానే పీకేయడం ఆయనకు ఇష్టం లేదు. కండక్టరు లోపలికెళ్ళి అడుగంటిన నల్లరంగు డబ్బా తెచ్చాడు. మా ఆయన పుల్లతో మొదటి ఇవ్వబడును పక్కన ఒకటి, ఇవ్వబడదు పక్కన ఒకటి, అంచున వేలాడే ఇవ్వబడును పక్కన చోటు చేసుకుని ఒకటి వేశారు. ఒక్కో చుక్కకు కండక్టరు ఒక్కో ఈల వేశాడు. పిల్లలు కాళ్ళు కొట్టారు. సందులో ఇళ్ళవాళ్ళంతా బయటికొచ్చి చూశారు. రంగు ఆరేదాకా అందరం నిలబడ్డాం. ఆరాక రేకు పీకేసి, బోర్లించి, నీళ్ళ బిందె కింద వేసుకున్నాం.

అత్తయ్యను మర్నాడే దించాం. కుర్చీలో కూర్చోబెట్టి ముందు మా ఆయన, వెనక లారీలు బాగుచేసే పక్కింటాయన పట్టుకున్నారు. కండక్టరు ముందు నడుస్తూ మెట్లు చూపించాడు. ఒక ఈలకు ఆగాలి, రెండు ఈలలకు కదలాలి. మలుపు వచ్చినచోటల్లా "రైట్ రైట్" అన్నాడు. అత్తయ్య కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. "జాగ్రత్త" అని ఒక్క మాట అంది, అదీ పక్కింటాయన తుమ్మినప్పుడు.

కొత్త ఇంటి గుమ్మంలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. మా ఆయన పక్కన మెట్టు మీద కూర్చుని, ఎలా ఉందమ్మా అని అడిగారు.

"బాగుంది" అంది.

అంతే. ఆయన నా వంక చూశారు. ఆ చూపు నాకు అర్థమైంది. ఇంత చేసి తెచ్చినా చుక్కే. మనుషులు పోతున్నారు, వస్తున్నారు, అత్తయ్య చూస్తోంది, పెదవి విప్పడం లేదు. ఆలస్యం చేశామేమో, ఆ మూడో అంతస్తులోనే ఆవిడ మాటలు అయిపోయాయేమో అని నాకు భయమేసింది. కండక్టరు కూడా ఏదో పోగొట్టుకున్నట్టు వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

అంతలో ఒకావిడ సంచీ పట్టుకుని, తెగిన చెప్పు ఈడ్చుకుంటూ సందులో వచ్చింది. అత్తయ్య ఆ కాలు వంక చూసింది. మెడ ముందుకు చాచింది.

"ఇదిగో అమ్మాయ్ ఆ చెప్పుతో ఎంత దూరం ఈడుస్తావు ఇలా వచ్చి కూర్చో మా కోడలు పిన్నీసు ఇస్తుంది నా కాలూ ఇలాగే తెగిందనుకో నిన్నటిదాకా ఒక నీళ్ళ ట్యాంకుకు ఎదురుగా కూర్చున్నాను దానికీ నాకూ మాటల్లేవు ఇదిగో ఈయన కండక్టరట ఈలలు వేసుకుంటూ నన్ను దించాడు నా పెళ్ళిలో కూడా నన్నెవరూ ఇంత గొప్పగా మోయలేదు వీడు నా కొడుకు బడిలో మాస్టారు చిన్నప్పుడు వీడికి ఎంతకీ మాటలు రాకపోతే నేనే రాత్రీ పగలూ వీడి దగ్గర కూర్చుని ఆపకుండా మాట్లాడేదాన్ని ఆపితే వీడు ఏడ్చేవాడు అందుకని"

ఆ సంగతి నాకు ఇన్నేళ్ళలో తెలియదు. మా ఆయనకు తెలుసో లేదో, తల వంచుకుని మెట్టు మీది దుమ్ములో గీతలు గీస్తున్నారు.

కండక్టరు వంగి, "మాస్టారూ, ఈ బస్సు ఎక్కడా ఆగేలా లేదే" అని గుసగుసగా అంటూ, సరదాకి ఈల మీద చెయ్యి వేశాడు. మా ఆయన ఆ చెయ్యి పట్టుకున్నారు.

"వెయ్యకండి. పోనివ్వండి" అన్నారు.

నేను పిన్నీసు వెతికి తెచ్చేసరికి చెప్పు తెగినావిడ మెట్టు మీద కూర్చుని ఉంది. సంచీ పక్కన పెట్టేసింది. అత్తయ్య మాట మేనత్త గొడుగు దాకా వచ్చేసింది. మా ఆయన సుద్దముక్క వేళ్ళ మధ్య పట్టుకుని వింటున్నారు, ఎక్కడా వెయ్యలేదు.